ఎవరో కట్టిన చీర

హైదరాబాద్,
జూలై 13.

ప్రసన్నత్తకు,
నీ కెజియా వందనాలు.

"ఫోన్లో తిన్నావా, పడుకున్నావా తప్ప ఏమీ ఉండటం లేదు. నేను పార్సెల్ పంపినప్పుడల్లా ఒక ఉత్తరం పెడతాను, నువ్వూ జవాబు రాయాలి" అన్నావు కదా. ఇదిగో, రాస్తున్నాను. ఇన్నేళ్లు రాజోలు పిల్లల చేత డిక్టేషన్ రాయించిన హెడ్మిస్ట్రెస్‌వి కాబట్టి నువ్వు ఎర్ర పెన్నుతో దిద్ది తిప్పి పంపినా నేనేమీ అనుకోను.

పార్సెల్ బస్సులో బాగానే వచ్చింది. మాగాయ సీసా మూత వదులై కాస్త కారింది గానీ పూతరేకులకి ఏమీ కాలేదు. హాస్టల్లో నా గదిలో ఉండే అక్షయ వాటిని చూసి "ఇవి కాగితాలా?" అంది. ఒకటి నోట్లో పెట్టుకున్నాక రెండో చెయ్యి కూడా డబ్బాలో పెట్టింది. డబ్బా సగం ఖాళీ.

ఆఫీసు బాగుంది. బట్టలతోనే చావొచ్చి పడింది. చేరిన కొత్తలో అందరిలా కనపడాలని ఆన్‌లైన్లో వరసపెట్టి కొనేశాను. రెండు ఉతుకులకే రంగు బకెట్లోకి, దారాలు చేతిలోకి వచ్చేశాయి. పోనీ ఉన్నన్నాళ్లయినా బాగున్నాయా అంటే, అద్దంలో ఎవరో పరాయి పిల్ల నిలబడినట్టు ఉండేది. అప్పుడు అక్షయ నన్ను ఒక షాపుకి తీసుకెళ్లింది. టీకొట్టు మీద మేడ. అక్కడున్నవన్నీ ఒకసారి ఎవరో తొడిగినవే. ఉతికి, ఇస్త్రీ చేసి, సైజుల వారీగా వేలాడదీశారు.

నీ రూలు మర్చిపోలేదత్తా. మనింట్లో ఎవరి పాతబట్టా కట్టం, మన పాతబట్ట ఎవరికీ ఇవ్వం. పనిచేసే ఆవిడ నోరు తెరిచి అడిగినా పాత చీర ఇవ్వకుండా కొత్తది కొనిచ్చేదానివి. నీవి మాత్రం కత్తిరించి మసిగుడ్డలు చేసేదానివి. ఎందుకో ఎప్పుడూ చెప్పలేదు. కానీ ఆ షాపులో ఒక తెల్ల నూలు చొక్కా కనపడింది. అమలాపురం బట్టల కొట్లలో నువ్వు చేసినట్టే చేశాను. తడివేలితో రుద్ది చూశాను, వెలుతురుకి పట్టి నేత చూశాను, తిరగేసి కుట్టు చూశాను. ఎక్కడా వంక లేదు. కొనేశాను. సోమవారం తొడుక్కుని వెళితే మా మేనేజరు ఇందిరగారు "ఇవాళ నువ్వు నీలా ఉన్నావు" అన్నారు.

తిట్టకు. నవంబరు నెలాఖరుకి రిటైరవుతున్నావు కదా, వీడ్కోలు సభకి ఏం కట్టుకుంటావో రాయి.

నీ కెజియా.

~

రాజోలు,
ఆగస్టు 3.

చిరంజీవి కెజియాకు,
దీవెనలు తర్వాత. ముందు తిట్లు.

నీ ఉత్తరంలో అక్షరదోషాలు రెండే. వాటిని క్షమించాను. ఆ చొక్కాని క్షమించను. ఎవరి ఒంటి మీదదే అది? ఎవరు విసుగెత్తి విప్పి పారేశారో, ఎవరు పోతే వాళ్లింట్లోవాళ్లు వదిలించుకున్నారో నీకేం తెలుసు? ఇస్త్రీ చేసి తగిలిస్తే పాతది కొత్తదైపోతుందా? ఉద్యోగం చేసుకుంటున్నావు, నెల తిరిగేసరికి జీతం వస్తోంది, నీకేం ఖర్మ? మీ అమ్మ పోయాక మీ నాన్న జాన్ నిన్ను నా ఒళ్లో పెట్టి రైల్వే ఉద్యోగానికి వెళ్లిపోయిన రోజు నుంచీ నీ ఒంటి మీద ఇంకొకరి నూలుపోగు పడనివ్వలేదు నేను. అది మంట్లో పెట్టెయ్.

అమలాపురం వెళ్లి రెండు డ్రస్సు పీసులు తీసుకొచ్చి జోజికి కుట్టడానికి ఇచ్చాను. వాడు టేపు మెడలో వేసుకుని "పాప ఏమైనా చిక్కిందాండీ, పాత కొలతలే పెట్టేయమంటారా?" అన్నాడు. "నాకేం తెలుసయ్యా, అది ఊళ్లోవాళ్ల కొలతల్లో దూరుతోంది" అన్నాను. పాపం, వాడికేమీ అర్థం కాలేదు. ఈ పార్సెల్లో పెట్టాను, తొడుక్కో.

ఇక సభ సంగతి. దాని పేరెత్తితేనే నాకు గుండెల్లో రాయి పడుతోంది. సైన్సు చెప్పే విజయదుర్గ స్టాఫ్‌రూములో అందరి ముందూ "మేడంగారూ, ఈ ఒక్క రోజుకీ బూడిద రంగు మానేయండి. మా పెళ్లికీ అదే కట్టేరు, మా బాబు బారసాలకీ అదే కట్టేరు" అంది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఇంటికొచ్చి బీరువా తెరిస్తే ఆ పిల్ల చెప్పింది నిజమే. వెన్న రంగు, బూడిద రంగు, మళ్లీ వెన్న రంగు. అమలాపురంలో కొట్లన్నీ తిరిగాను. పట్టుచీరలు భుజం మీద వేసి చూపిస్తుంటే నాకు చెమటలు పట్టాయి. ఖాళీ చేతులతో బస్సెక్కేశాను.

ఆ రోజు అందరూ నన్నే చూస్తారే. ఆ బడిలో చదివాను, ఆ బడిలోనే చెప్పాను. వెళ్లిపోయే రోజున అందరి ముందూ తలెత్తుకుని నిలబడాలి. నాకు కావలసింది అంతే. ఏ చీరలో నిలబడగలనో నాకు తెలియడం లేదు. నువ్వే చూసి పంపు. నీ కన్ను మంచిది. నవ్వులపాలు మాత్రం చెయ్యకు.

మీ అత్త,
ప్రసన్నకుమారి.

~

హైదరాబాద్,
సెప్టెంబరు 14.

ప్రసన్నత్తకు,

తిట్లు అందాయి, డ్రస్సులూ అందాయి. జోజి భుజాల దగ్గర ఎంత బాగా కుడతాడో ఇక్కడికొచ్చాకే తెలిసింది. నీలం గళ్లది వేసుకెళితే ఆఫీసులో ఇద్దరు టైలరు నెంబరు అడిగారు. రాజోలు రండి, చెప్తాను అన్నాను.

చొక్కా కాల్చలేదు. అబద్ధం ఆడను. కానీ ఈ మధ్య నేను బట్టలు కొనడం తగ్గిపోయిందని వింటే నువ్వే సంతోషిస్తావు. ఇదివరకు బాగుంది అనిపిస్తే చాలు, కొనేసేదాన్ని. ఇప్పుడు చేతిలోకి తీసుకుని, "ఇది తొడుక్కుంటే నేను రోజంతా దీని సంగతి మర్చిపోగలనా?" అని అడుగుతున్నాను. సర్దుకుంటూ, లాక్కుంటూ ఉండాల్సిందైతే అక్కడే వదిలేస్తున్నాను. జిగేలుమనేవన్నీ పోయాయి. నూలు, మోచేతి దాకా చేతులు, సన్నంచు, లేత రంగు. అంతే మిగిలాయి. పొద్దున్నే బీరువా ముందు నిలబడి ఏడవడం మానేశాను.

నీకు చీర దొరికింది! ఈ పార్సెల్లోనే ఉంది. చూసి భయపడకు. నేరేడు పండు రంగు, ఆవపిండి రంగు సన్నంచు. పట్టు కాదు, మన బండార్లంక నూలే. మనూరి పక్క నేసిన చీర నాకు హైదరాబాద్‌లో కనపడిందంటే చూడు. చూడగానే నువ్వు గుర్తొచ్చావు. నువ్వెప్పుడూ ఇంత ముదురు రంగు కట్టలేదు, నాకు తెలుసు. అయినా చేత్తో పట్టుకుంటే నువ్వే. ఎక్కడ కొన్నావు, ఎంతకి కొన్నావు అని ఆరాలు తీయకు. కట్టుకో, చాలు.

ఒక్కటి చెప్పాలి. ఇక్కడ అందరూ ఏం కట్టుకోవాలో ఫోన్లో చూసి నేర్చుకుంటున్నారు. బట్ట ఎలా చూడాలో నాకు చిన్నప్పుడే నువ్వు నేర్పావు. దానికి థాంక్స్ అని ఎప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు చెప్తున్నాను.

నీ కెజియా.

~

రాజోలు,
సెప్టెంబరు 28, ఆదివారం మధ్యాహ్నం.

చిరంజీవి కెజియాకు,
నా బంగారుతల్లికి వెయ్యి దీవెనలు.

చీర మొన్ననే అందింది. కవరు సందులోంచి అంచు మాత్రం చూశాను. మన పద్ధతి నీకు తెలుసు కదా, దేవుని సన్నిధిలో పెట్టి ప్రార్థన చేయించందే కొత్తబట్ట మడత విప్పం. చూడాలని చేతులు పీకుతున్నా ఆగాను. ఇవాళ ఆరాధనకి పట్టుకెళ్లి బల్ల మీద పెట్టించాను. పాస్టరుగారు సంఘమంతా వినేలా "ఈ నూతన వస్త్రము కొరకు, దానిని పంపిన బిడ్డ కొరకు స్తోత్రము" అని ప్రార్థన చేశారు. కృతజ్ఞత కానుక వేశాను. పక్కనున్న కనకరత్నంగారు మోచేత్తో పొడిచి "ఆయ్, మీ కెజియా పంపిందేనాండీ? అదృష్టమంటే మీదేనండి" అంది. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. పెళ్లీ పెటాకులూ లేని దాన్ని, నాకూ ఒక పిల్ల చీర పంపింది కదా అనిపించింది. ఇప్పుడు భోంచేసి కూర్చుని ముందు ఈ ముక్క రాస్తున్నాను. రాయడం అవగానే మడత విప్పుతాను. ఫాల్ కుట్టడానికి సాయంత్రం జోజికి ఇవ్వాలి.

సాయంత్రం.

విప్పాను. ఫాల్ ముందే కుట్టి ఉంది. షాపువాళ్లు కుట్టించారేమో అనుకున్నాను. లోపలి మూలన, అంచు పక్కన, నల్లగా మూడు చుక్కలు, వాటి కింద ఒక గీత. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూశాను. చాకలి గుర్తు. ఎవరింటి బట్ట ఎవరిదో కలిసిపోకుండా పెట్టే గుర్తు. నాకు దాన్ని ఎవరూ పరిచయం చెయ్యక్కర్లేదు.

ఈ చీర ఎవరిదే?

దేవుని బల్ల మీద పెట్టి, అందరిలో స్తోత్రం చెప్పించాను. ఒక్క మాట రాస్తే నీ చేతులు అరిగిపోయేవా? ఫోన్ చెయ్యకు. ఎత్తను.

ప్రసన్నకుమారి.

~

హైదరాబాద్,
అక్టోబరు 5.

అత్తా,

నువ్వు అన్నట్టే ఫోన్ ఎత్తడం లేదు. నాన్నకి చేస్తే, "చాకలి గుర్తా? అయ్యో కెజియా, ఎంత పని చేసేవే. నేను చెప్పకూడదు, మీ అత్తనే అడుగు" అని పెట్టేశాడు.

తప్పు నాది. కొత్తదని నేను రాయలేదు, అది నిజమే. కానీ పాతదని రాస్తే నువ్వు కవరు కూడా విప్పవని తెలిసే రాయలేదు. అది మోసమే. నువ్వు చర్చికి పట్టుకెళతావని నాకు తట్టనే లేదు. నా బట్టలన్నీ అలా ప్రార్థన చేయించాకే తొడిగిన దాన్ని, నాకే తట్టలేదంటే నన్నేమనాలి? గుర్తు కూడా నేను చూశాను. ఏదో మరక అనుకున్నాను. క్షమించత్తా.

నిన్ను చిన్నబుచ్చాలని కాదు. నాకు నిజంగా ఆ చీర నచ్చింది. ఆ షాపులో వందల బట్టలుంటాయి. నా చెయ్యి మాత్రం తిన్నగా కొన్నిటి మీదికే వెళుతుంది. గంజి పెడితే నిలబడే నూలు, సన్నంచు, మెడ మూసిన జాకెట్టు. "నీకంటూ ఒక స్టైల్ ఉందే" అంటుంది అక్షయ. నేను పొంగిపోయేదాన్ని. మొన్న నీ ఉత్తరం చదివాక బీరువా తెరిచి చూసుకుంటే నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది. నాకంటూ స్టైల్ ఏమీ లేదు. అదంతా నువ్వే. ప్రతి నెలా వెళ్లి నేను వెతుకుతున్నది నీ బట్టల్ని.

ఇక్కడికి వచ్చే ముందు నీ వెన్న రంగు చీర ఒకటి ఇమ్మని అడిగాను, గుర్తుందా? "పాతదెందుకే, ఛీ" అని నన్ను షాపుకి లాక్కెళ్లి కొత్తది కొన్నావు. నువ్వివ్వలేదు కాబట్టి ఎవరో ఇచ్చినవి కొనుక్కుంటున్నాను. కోపంతో రాయడం లేదు. ఉన్నమాట.

ఎందుకత్తా అంత పంతం? తిట్టినా సరే, చెప్పు.

కెజియా.

~

రాజోలు,
అక్టోబరు 19.

చిరంజీవి కెజియాకు,

తిట్టను. తిట్టే ఓపిక ఆ ఆదివారంతోనే అయిపోయింది. అడిగావు కాబట్టి చెప్తాను. ఇది మీ నాన్నకి తప్ప ఎవరికీ చెప్పలేదు.

మీ నాన్నమ్మ బుజ్జమ్మ శ్రీరామచంద్రమూర్తిగారి చేలల్లో నాట్లకీ కోతలకీ వెళ్లేది. ఏడాదికోసారి వాళ్లింటి అమ్మగారు ఒక పాత చీర ఇచ్చేవారు. చేతికి ఇవ్వరు. అరుగు మీద పెట్టి లోపలికి వెళ్లిపోతే, అమ్మ తీసుకునేది. ఆవిడ చెడ్డమనిషి కాదు, ఆ రోజుల్లో అలాగే ఉండేది. నేను ఆరో తరగతిలో చేరే ముందు అమ్మ అలాంటి చిలకాకుపచ్చ చీర ఒకటి కోసి నాకు పరికిణీ కుట్టింది. అంత మంచి బట్ట అంతకుముందు నాకు లేదు. గిర్రున తిరిగితే గొడుగులా లేచేది.

మొదటిరోజు బడికి వెళ్లాను. వాళ్లమ్మాయి భవానీదేవి నా క్లాసే. ఇంటర్వెల్లో నా దగ్గరికొచ్చి, పరికిణీ అంచు పట్టుకుని, తిప్పి, "ఇది మా అమ్మ చీరే. ఇదిగోండే, మా చాకలి గుర్తు!" అని అందరికీ చూపించింది. పాపం, తను పాడుబుద్ధితో అందో, తెలిసిన వస్తువు కనపడిందని సంబరపడిందో నాకు ఇప్పటికీ తెలియదు. అందరూ వంగి వంగి చూశారు. ఇంటికెళ్లి కత్తెర తీసుకుని ఆ మూల కత్తిరించి పారేశాను. అమ్మ కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. ఆ చిల్లుకి మాసిక వేసి, "రేపు ఇదే వేసుకెళ్లు. సిగ్గేసినా వెళ్లు. బడి మాత్రం మానకు" అంది. ఏడాదంతా అదే వేసుకెళ్లాను.

అప్పటి నుంచి రంగులు కట్టలేదే నేను. ఎవరి చూపూ నా బట్ట మీద పడకూడదు. నువ్వు స్టైల్ అంటున్న వెన్న రంగు, బూడిద రంగు అందుకోసమే. మొదటి జీతానికి అమ్మకి కొత్త చీర కొన్నాను. ఇంక ఎవరి పాతదీ ముట్టను, నా పాతది ఎవరికీ ఇచ్చి వాళ్లని తక్కువ చెయ్యను అనుకున్నాను. ఇవ్వడమంటే నాకు ఆ అరుగే గుర్తొచ్చేది.

ఈ చీరని ఏం చెయ్యాలో తోచక పాస్టరుగారి దగ్గరికి వెళ్లాను. "నూతన వస్త్రమని ప్రార్థన చేసేరు కదండీ. అది పాతదని తేలిందండి. ఇప్పుడెలాగండీ?" అన్నాను. ఆయన కాసేపు నవ్వాపుకున్నారు.

"దేవుడికి ముందే తెలుసండి. మనకే తెలీలేదు."

"మరి ఆ స్తోత్రం?"

"చేసిన ప్రార్థన వెనక్కి తీసుకోవడం నాకు రాదండి ప్రసన్నగారూ. కావాలంటే ఇంకోటి చేద్దాం. దాన్ని ముందు కట్టుకున్నావిడ ఎవరో, ఆవిడ కోసం."

ఇన్నేళ్లలో పాతబట్టని చూస్తే సిగ్గేసింది, ఒళ్లు మండింది. దాన్ని కట్టుకున్న మనిషి ఒకావిడ ఉంటుందని, ఆవిడ కోసం ప్రార్థన చెయ్యొచ్చని ఎప్పుడూ అనుకోలేదు. చీర కుర్చీ మీద ఉంది. పారేయలేను, ప్రార్థన అయింది. కట్టలేను. సభకి ఇంకా రోజులున్నాయి. చూద్దాం.

ప్రసన్నత్త.

~

హైదరాబాద్,
నవంబరు 9.

ప్రసన్నత్తకు,

నీ ఉత్తరం బస్సులో చదివాను. దిగాల్సిన స్టాపు దాటిపోయింది. ఎక్కడో దిగి, ఫుట్‌పాత్ మీద నిలబడి మళ్లీ చదివాను. నాన్నమ్మని నేను చూడలేదు. ఆ మాసిక వేసినందుకు ఆవిడ కాళ్లకి దణ్ణం పెట్టాలనిపించింది. ఆవిడ "రేపు మానెయ్‌లే" అని ఉంటే నువ్వు టీచరువి కాకపోదువు, నేను ఈ ఊరు వచ్చి ఉండేదాన్ని కాదు.

నీ అభిరుచి అనుకుని ఇన్నాళ్లూ నేను కాపీ కొట్టింది నీ భయాన్నా? మొదట అది చదివి దిగులేసింది. మర్నాడు పొద్దున్న వెన్న రంగు కుర్తా తొడుక్కుని అద్దంలో చూసుకున్నాను. అయినా బాగుందత్తా. భయంతో కట్టినా నువ్వు బాగా కట్టావు. భయం నీ దగ్గరే ఆగిపోయింది, నా దాకా బాగున్నదే వచ్చింది. అందుకని నేను మార్చుకోను.

సెలవు ఇవ్వలేదు. చేరి ఏడాదైనా కాలేదు, ఆడిట్ జరుగుతోంది. ఇందిరగారిని బతిమాలాను, ఆవిడ చేతిలోనూ లేదు. సభకి రాలేను. రెండ్రోజులుగా అన్నం సయించడం లేదు.

ఆ చీర కట్టుకోమని అడగను. బూడిద రంగుదే కట్టుకో, వెన్న రంగుదే కట్టుకో. గోనెసంచి చుట్టుకుని నిలబడినా ఆ బడిలో నీకంటే తలెత్తుకుని నిలబడగలిగినవాళ్లు లేరు. ఒక్క ఫొటో తీయించు.

నీ కెజియా.

~

రాజోలు,
డిసెంబరు 3.

నా తల్లి కెజియాకు,

ఫొటోలు విజయదుర్గ పంపిందన్నావు. ఫొటోల్లో పడనిది రాస్తున్నాను.

ఆ పొద్దున్న మొదట బూడిద రంగే కట్టాను. కుచ్చిళ్లు సర్దుకుని అద్దంలో చూసుకుంటే రోజూ కనపడే మనిషే. ఈవిడని ఎవరూ చూడకూడదనే కదా ఇన్నాళ్లూ ఇలా కట్టాను, ఇవాళ చివరి రోజు కూడా దాక్కునే వెళ్లిపోతానా అనిపించింది. విప్పేశాను. నేరేడు రంగు చీర ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. "ప్రభువా, దీన్ని మొదట కట్టుకున్నావిడ ఎవరో నాకు తెలియదు. ఎక్కడున్నా చల్లగా చూడు. ఎంత జాగ్రత్తగా వాడుకుందో, ఒక్క పోగు చెదరలేదు" అని ప్రార్థన చేసి కట్టుకున్నాను. ఎంత మెత్తగా ఉందే! కొత్తచీర మొదటిరోజు మన మాట వినదు. ఇది వచ్చి ఒంటికి అతుక్కుంది.

ఆటో సూరిబాబు నన్ను చూసి "మేడంగారూ, ఎవరింట పెళ్లండీ?" అన్నాడు. "నోర్మూసుకుని బడికి పోనీ" అన్నాను. దారంతా అద్దంలోంచి చూస్తూనే ఉన్నాడు వెధవ. నాకు కోపం రాలేదు.

సభలో అందరూ మాట్లాడారు. చివర విజయదుర్గ మైకు పట్టుకుని "ఇన్నాళ్లకి మా మేడంగారు రంగుచీర కట్టేరండి. ఎక్కడ తీసేరో ఆవిడే చెప్పాలండి" అని మైకు నా చేతిలో పెట్టింది. "హైదరాబాద్‌లో మా మేనకోడలు కొందండి" అన్నాను. చప్పట్లు కొట్టారు. అది అబద్ధం కాదు. అక్కడితో ఆపెయ్యొచ్చు. కానీ ఎదురుగా పిల్లలు కూర్చుని ఉన్నారు. నేను నిలబడిన చోటికి కాస్త అవతలే ఆ రోజు నా పరికిణీ తిప్పి చూశారు.

"ఇది కొత్తది కాదు. ఎవరో కట్టుకున్న చీర. మా అమ్మ బుజ్జమ్మ కూడా ఇంకొకరి పాతచీరలే కట్టుకుంది. వాటితోనే నాకు బట్టలు కుట్టింది. అవి వేసుకునే ఈ బడిలో చదివాను. అప్పుడు సిగ్గుపడ్డాను. ఇప్పుడు పడటం లేదు" అన్నాను.

ఎందుకన్నానురా దేవుడా అనుకుంటుంటే, వెనక వరసలో తొమ్మిదో తరగతి పిల్ల ఒకర్తి లేచి, "మేడం, నా యూనిఫాం మా అక్కదండీ!" అంది. అంతా గొల్లుమన్నారు. వెంటనే ఇంకొకత్తి "నాది మా పిన్ని కూతురిదండీ!" అని అరిచింది. ఇంక చూడు! "ఈ చున్నీ మా మేనత్తదండీ", "నా చెప్పులు మా అన్నయ్యవండీ", "బ్యాగు పక్కింటి అక్కదండీ". పందెం వేసుకున్నట్టు అరుస్తున్నారు. ఆపడం మాస్టార్ల వల్ల కాలేదు. పక్కన నిలబడ్డ విజయదుర్గ కళ్లు తుడుచుకుంటూ "ఈ గాజులు మా అత్తగారివండి" అంది మైకులోనే. నేను నవ్వుతూ, ఏడుస్తూ అలాగే నిలబడిపోయాను. తల దించుకోవాలని ఒక్కసారి కూడా తోచలేదు.

అది నీ వల్ల జరిగింది కెజియా. నువ్వు ఆ చీర పంపకపోతే, పంపినా నిజం ముందే చెప్పి ఉంటే, నేను బూడిద రంగులోనే ఇంటికి వచ్చేసేదాన్ని. దేవుడికీ నీకూ స్తోత్రం. అలాగని ఇంకెప్పుడూ దాచకు.

నిన్న బీరువా తెరిచాను. నువ్వు అడిగిన వెన్న రంగుదీ, ఇంకో రెండు బూడిద రంగువీ, నీకు నడక నేర్పేటప్పుడు నేను కట్టుకున్న తెల్లదీ తీశాను. తెల్లదానికి కొంగు దగ్గర చిన్న చిరుగుంది, కుట్టాను. ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేయించి ఈ పార్సెల్లో పెట్టాను. పార్సెల్ కట్టాక కూడా ఒకసారి విప్పి మళ్లీ చూసుకున్నాను, ఏమీ అనుకోకు. మనిద్దరిదీ ఒకటే ఎత్తు, కుచ్చిళ్లు సరిగ్గా వస్తాయి. కట్టుకుని ఆఫీసుకి వెళ్లు. ఎక్కడ కొన్నావని ఎవరైనా అడిగితే, మా అత్తవని చెప్పు.

నీ ప్రసన్నత్త.